రాళ్ళ చదువు కూడు పెట్టదా?

మన సంఘపు విద్యార్థి వేతనముల ఉపసంఘమునకు గత సంవత్సరము ఒక అర్జీ వచ్చినది. పి.యు.సి. ఉత్తీర్ణురాలైన ఒక నేతవారి బిడ్డ భూగర్భశాస్త్రమున బి.యస్సి. చదివి, పిదప పురాజీవశాస్త్రము, అనగా శిలాజములను బట్టి ప్రాచీన ప్రాణుల చరిత్ర తెలిసికొను శాస్త్రము, అభ్యసింపగోరినది. ఇంజనీరింగునకును వైద్యమునకును తప్ప మన నిధి వర్తింపదని అర్జీని త్రోసిపుచ్చిరి. అంతటితో ఊరకుండిన బాగుండెడిది. “రాళ్ళేరుకొనుటకు గూడ వేతనమా?” అని నవ్విరి. ఆ నవ్వునకే ఈ సమాధానము.

మన ఉగాది సభలలో గోదావరిని పొగడని వక్త లేడు. ఆ నదీలోయ రాళ్ళలో ఏమున్నదో ఎరిగిన వక్త ఎవడు? 1957లో మహలనోబిస్‌గారు పమేలా రాబిన్సన్ అను ఆంగ్ల విదుషిని కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు ఆహ్వానించిరి. ఆ సంస్థవారు ప్రాణహిత-గోదావరి లోయలో త్రవ్వి, ఒక మహాకాయమైన రాక్షసబల్లి ఎముకలను వెలికితీసిరి. 1961 రవీంద్రుని శతజయంతి వత్సరమగుటచే, 1975లో దానికి ‘బరపాసారస్ టాగోరై’ అని పేరు పెట్టిరి. ఎముకలు గోదావరివి, పేరు కలకత్తాది. ఇందు వారి తప్పేమియు లేదు. చదివినవారు పేరు పెట్టిరి.

మనవారు చదివినపుడేమైనదో కూడ చూడుడు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి వద్ద దొరకిన ఎముకలను పరిశీలించి, భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన పి. యాదగిరిగారు 1988లో ‘కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్’ను లోకమునకు తెలిపిరి. ఒక తెలుగు పల్లె పేరు ప్రపంచ శాస్త్రగ్రంథములకెక్కినది. ఆ అస్థిపంజరము హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రమున నిలబడియున్నది. హైదరాబాదునకు పెండ్లిండ్లకు పోయి, చార్మినారును చూచి, ముత్యాలు కొని తిరిగివచ్చు మన కుటుంబములలో ఎన్ని దానిని చూచినవి? అదే 1988లో గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్‌గారు తమ గురువగు అశోక్ సాహ్నిగారితో కలిసి, వికారాబాదు ప్రాంతపు నస్కల్ వద్ద దొరకిన అతిసూక్ష్మమైన పళ్ళను వర్ణించిరి. క్రెటేషియస్ యుగమున మన దేశమున పాలిచ్చు జంతువులుండెననుటకు అవి మొదటి సాక్ష్యము. మట్టిని నీట కడిగి, జల్లెడపట్టి, సూక్ష్మదర్శిని క్రింద వెదకి పట్టుకొను పని ఇది. రాళ్ళేరుకొనుట యని నవ్వినవారు పది దినములు చేసి చూడవలెను.

“అది గోదావరి మాట, దొడ్డబళ్ళాపురములో ఏమున్నది?” అందురేమో. నిజమే, ఇచ్చటి బండలు 250 కోట్ల ఏండ్లకు పైబడినవి. వానిలో ఎముక గాని గుల్ల గాని వెదకిన దొరకదు. కాని బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో భూగర్భశాస్త్రాచార్యులైన ఎల్. రామారావుగారు ఈ బండలమీద కూర్చుండియే, త్రిచినాపల్లి ప్రాంతపు నాచుశిలాజములపై వియన్నా విద్వాంసుడు జూలియస్ పియాతో కలిసి 1936లో గ్రంథము ప్రకటించిరి.

ఇక కూటి మాట. నేను మెట్రిక్యులేషన్‌తో ఆగి, గుమాస్తాగిరి చేసి విశ్రాంతి పొందినవాడను. జీతపు లెక్క నాకు తెలియనిది కాదు. ఈ శాస్త్రమునకు మన దేశమున ప్రత్యేకమైన పట్టము అరుదు. భూగర్భశాస్త్రమున ఎం.యస్సి. ద్వారముననే ప్రవేశింపవలెను. పరిశోధన కోరినచో పిహెచ్.డి.కి మరి నాలుగైదేండ్లు. ఉద్యోగములు తక్కువ, పోటీ ఎక్కువ. దీనిని దాచి పిల్లలను ప్రోత్సహించుట మోసము. కాని లేనేలేవనుట అంతకంటె పెద్ద అబద్ధము. 1851లో స్థాపింపబడిన భూగర్భ సర్వే సంస్థ యున్నది, దానికి యు.పి.యస్.సి. పరీక్ష యున్నది. లక్నోలో బీర్బల్ సాహ్ని సంస్థ యున్నది. చమురుబావి త్రవ్వునపుడు పైకివచ్చు రాతిపొడిలోని ఫోరామినిఫెరా అను సూక్ష్మప్రాణుల గుల్లలను చూచి ఆ పొర వయస్సును నిర్ణయించువారు ఓ.ఎన్.జి.సి.కి కావలెను. ఇవేవియు దొరకనివారికి భూగర్భజలముల పని యున్నది. మన తాలూకాలో వేయి అడుగుల బోరునకు చోటు చూపుమని అరచేత కొబ్బరికాయ పట్టుకొని నడచువానికి రొక్కమిచ్చుచున్నాము. చదివి చెప్పగలవారికి వేతనమీయరాదా?

ఊరిలోని మగ్గములన్నియు ఒకే అంచు, ఒకే రంగు చీర నేసినచో సంతలో దాని ధర ఏమగునో మన నేతవారికి వేరే చెప్పవలెనా? ఇంటికొక కంప్యూటరు ఇంజనీరును తయారుచేయుచున్న మనకు చదువుల విషయమున మాత్రము ఈ లెక్క తట్టలేదు.

‘ఇంజనీరింగు, వైద్యము’ అను రెండు మాటలను నిబంధననుండి తీసివేసి, ‘విశ్వవిద్యాలయ విద్య’ అని చేర్చవలెనని రాబోవు సర్వసభ్య సమావేశమున ప్రతిపాదింపబోవుచున్నాను. వ్యతిరేకించువారు తమ కారణములను వ్రాతమూలకముగా తెచ్చిన సంతోషించెదను.