రంజాన్‌కు ముందే రక్తదానం.. వరంగల్ మొహల్లాలు ఇప్పుడే వేసుకోవాల్సిన లెక్క

వరంగల్: 2026 రంజాన్ ఫిబ్రవరి మూడో వారంలో మొదలవుతోంది. మస్జిద్‌లకు రంగులు, ఇఫ్తార్ ఏర్పాట్లు, జకాత్ లెక్కలు.. మండీ బజార్ నుంచి కాజీపేట దర్గా దాకా ఎవరి పనుల్లో వాళ్లుంటారు. ఈ పనుల మధ్య చాలామందికి గుర్తురానిది రక్తదానం. ఆ నెలంతా మన యువకుల్లో ఎక్కువమంది పగలు రోజాతో ఉంటారు. అదే సమయంలో ఇంటర్ పరీక్షలు, ఆ వెంటనే ఎండాకాలం సెలవులు. కాలేజీల్లో పెట్టే క్యాంపులు కూడా తగ్గిపోతాయి.

అవసరం మాత్రం తగ్గదు. ఎంజీఎం ఆసుపత్రికి చుట్టుపక్కల జిల్లాల నుంచి యాక్సిడెంట్ కేసులు వస్తూనే ఉంటాయి. సీకేఎం, హనుమకొండ ప్రసూతి ఆసుపత్రుల్లో కాన్పు తర్వాత రక్తస్రావం ఆగని తల్లికి నిమిషాల్లో రక్తం ఎక్కించాలి. తలసేమియా పిల్లలకైతే రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం పడాల్సిందే. వాళ్లకు పండగ నెల, మామూలు నెల అనే తేడా ఉండదు.

రోజాలో ఇవ్వొచ్చా?

రక్తం ఇస్తే రోజా భంగమవుతుందా అన్నదానిపై ఉలమాల్లో వేర్వేరు అభిప్రాయాలున్నాయి. భంగం కాదు గానీ, నీరసం వచ్చేలా ఉంటే మక్రూహ్ అని చెప్పే హనఫీ ఉలమాలు ఎక్కువ. మసలా సంగతి ఇమామ్ సాబ్‌ను అడగొచ్చు. కానీ బ్లడ్ బ్యాంకు దగ్గర వేరే నిబంధన ఉంది. జాతీయ రక్తమార్పిడి మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ఉపవాసంలో ఉన్నవారి దగ్గర రక్తం తీసుకోకూడదు. కళ్లు తిరిగి పడిపోతారన్నదే కారణం. కాబట్టి పగలు పోయి క్యూలో నిలబడితే వెనక్కి పంపిస్తారు. ఇఫ్తార్ చేసి, అన్నం తిని, నీళ్లు బాగా తాగాక ఇవ్వాలనుకుంటే బ్లడ్ బ్యాంకు వారితో ముందే మాట్లాడుకుని రాత్రి పూట ఏర్పాటు చేసుకోవాలి.

మిగతా అర్హతలను 2020 మార్చిలో కేంద్రం సవరించిన ఔషధ నిబంధనలు చెబుతాయి. వయసు 18 నుంచి 65 ఏళ్లు. మొదటిసారి ఇచ్చేవారు 60 దాటకూడదు. బరువు కనీసం 45 కిలోలు, 450 మిల్లీలీటర్లు ఇవ్వాలంటే 55 కిలోల పైన. హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తగ్గకూడదు. ఒకసారి ఇచ్చాక మగవారు 90 రోజులు, ఆడవారు 120 రోజులు ఆగాలి. ఇన్సులిన్ తీసుకునే షుగర్ పేషెంట్లు ఇవ్వకూడదు. డెంగీ వచ్చి తగ్గినవారు 6 నెలలు, టాటూ వేయించుకున్నవారు ఏడాది, కాన్పు అయినవారు కూడా ఏడాది ఆగాలి. హజ్, ఉమ్రా కోసం టీకాలు వేయించుకున్నవారు తేదీ చెప్పాలి. టీకా రకాన్ని బట్టి 14 లేదా 28 రోజులు ఆగమంటారు. హిజామా చేయించుకున్న విషయం కూడా డాక్టర్ దగ్గర దాచొద్దు.

42 రోజుల లెక్క

మీలాద్ రోజు పెద్ద క్యాంపులు పెట్టడం మంచి ఆనవాయితీ. అయితే రక్తానికి గడువుంది. ఎర్ర రక్తకణాలు కలిపే ద్రావణాన్ని బట్టి 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్లు 5 రోజులే నిలుస్తాయి. 2025 సెప్టెంబరు 5న మీలాద్ నాడు ఇచ్చిన రక్తం అక్టోబరు 17 దాటి పనికిరాదు. ఒక్కరోజే వందమంది ఇచ్చి, ఆ తర్వాత నెలల తరబడి ఎవరూ ఇవ్వకపోతే సగం మేలు అక్కడే పోతుంది.

అదే ఫిబ్రవరి 10న ఇస్తే ఏమవుతుంది? 42 రోజుల గడువున్న రక్తం మార్చి 24 వరకు, అంటే ఈద్ దాకా పనికొస్తుంది. ఆ రోజు ఇచ్చిన మగవారు మే 11కి మళ్లీ అర్హులవుతారు. అది ఎండలు ముదిరి, కాలేజీలకు సెలవులిచ్చి, రక్తం దొరకడం కష్టమయ్యే సమయం. ఆడవారి వంతు జూన్ 10కి వస్తుంది. ఒక్క తేదీ సరిగ్గా పెట్టుకుంటే రెండు కొరతలకూ కొంత ఆసరా దొరికినట్టే.

ఆడవారి సంగతి

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆ సర్వే గర్భిణులు కానివారికి పెట్టుకున్న గీత 12 గ్రాములు. రక్తదానానికి కావాల్సింది 12.5. అంటే క్యాంపుకు వచ్చిన ఆడవారిలో సగానికి పైగా వెనక్కి వెళ్లే పరిస్థితి. దీన్ని చిన్నతనంగా అనుకోవాల్సిన పని లేదు. ఉచితంగా ఒక పరీక్ష జరిగిందనుకుని అటునుంచి అటే డాక్టర్ దగ్గరికి పోవాలి. కలేజీ, ఆకుకూరలు, ఐరన్ మాత్రలతో పాటు అన్నం తినగానే చాయ్ తాగే అలవాటు మానుకోవడమూ ముఖ్యం. చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు.

రక్తం అమ్మకానికి కాదు

డబ్బులకు రక్తం ఇచ్చే పద్ధతిని ఆపాలని సుప్రీంకోర్టు 1996లోనే తీర్పునిచ్చింది. 1998 జనవరి 1 నుంచి అది నిషిద్ధం. రక్తం వెల తీసుకోవడాన్ని హదీసు కూడా వారించింది. అయినా అర్ధరాత్రి ఆపరేషన్ అన్నప్పుడు దిక్కుతోచని కుటుంబం ఎవరికో డబ్బిచ్చి పిలుచుకొస్తుంది. డబ్బు కోసం వచ్చినవాడు తన జబ్బులు చెప్పడు. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరే గానీ, కొత్తగా సోకిన వ్యాధి మొదటి రోజుల్లో పరీక్షకు దొరకకపోవచ్చు. ఫారంలో అన్ని ప్రశ్నలు అడిగేది అందుకే. బ్లడ్ బ్యాంకులు తీసుకోవాల్సింది ప్రాసెసింగ్ ఖర్చు మాత్రమే. ప్రైవేటులో ఎర్ర రక్తకణాల యూనిట్‌కు గరిష్ఠంగా 1,550 రూపాయలని జాతీయ మండలి నిర్ణయించింది. తలసేమియా పిల్లలకు ఉచితంగా ఇవ్వాలని కూడా చెప్పింది.

కాబట్టి రంజాన్‌కు ముందు జుమాల్లో ఒక ఎలాన్ చేస్తే చాలు. ప్రతి మస్జిద్ కమిటీ ఒక రిజిస్టర్ పెట్టి పేరు, గ్రూపు, ఫోన్, చివరిసారి రక్తం ఇచ్చిన తేదీ రాసుకోవాలి. ఆ నంబర్లు బయటకు పోకుండా కమిటీలో ఒక్కరి దగ్గరే ఉండాలి. హనుమకొండ రెడ్‌క్రాస్‌తోనో, ఎంజీఎం బ్లడ్ బ్యాంకుతోనో మాట్లాడి 20-30 మంది చొప్పున విడతలుగా పంపాలి. అలా చేస్తే రాత్రి రెండింటికి ఫోన్ వచ్చినా, ఎవరికి 90 రోజులు నిండాయో ఆ రిజిస్టర్ చూసి చెప్పొచ్చు.