ప్రాణరక్షణమునకు వేఱు ధరయా?

వరంగల్లు విడిచి ములుగు, పస్రా, తాడ్వాయిల మీదుగా ఏటూరునాగారము చేరు సుమారు నూఱు కిలోమీటర్ల దారిని ఎఱిగినవారికి మేము దానిని వర్ణించి చెప్పవలసిన పని లేదు. కొంత దారి పొలములు, కొంత దారి అడవి. చీకటి పడినచో అడవిలో బండిదీపములు తప్ప వేఱు వెలుతురు కానరాదు. మలుపు తిరిగినంతనే పశువుల మంద యెదురగును. కోతల కాలమున రోడ్డుపై ఆరబోసిన వడ్లుండును. ముల్లకట్ట వంతెన దాటి ఆవల ఛత్తీస్‌గఢ్ వైపు పోవు లారీలు ఎదురుగా వచ్చుచుండును. ఒకప్పుడీ దారిని బస్సులును జీపులునే ఎక్కువగా తిరిగెడివి. నేడు ఉపాధ్యాయుడు, ఐ.టి.డి.ఏ. ఉద్యోగి, మందుల దుకాణదారు, మిరపపంటలో నాలుగు రూకలు కండ్లజూచిన రైతు తమ తమ కుటుంబములకు సొంతకారు సమకూర్చుకొనుచున్నారు. ఇది సంతోషింపదగిన మార్పే. ముసలి తల్లిదండ్రులను హనుమకొండ ఆసుపత్రికి బస్సులో నిలబెట్టి తీసికొనిపోవలసిన దుఃస్థితి తప్పినది గదా!

పది లక్షలు మొదలుకొని ఇరువది లక్షల వరకు వెలగల ఈ మధ్యతరగతి కార్లలో దేనిని కొనవలయునని మమ్ము అడుగు పాఠకులు పలువురు గలరు. మేము కార్ల వ్యాపారులము గాము. ఫలానా కంపెనీ బండి కొనుడని చెప్పుట మా పని కాదు. కాని వారడుగు ప్రశ్నల వరుసను గూర్చి మాత్రము మాకొక మాట చెప్పవలసియున్నది. మొదటి ప్రశ్న మైలేజి. రెండవది పైకప్పున అద్దపు కిటికీ, అనగా సన్‌రూఫు, కలదా యని. మూడవది ముందరి తెర యెన్ని అంగుళములని. ఆపైన రంగు, చక్రముల అందము, నెలసరి వాయిదా. వెనుకసీటున కూర్చుండు తల్లికి, బిడ్డకు ప్రమాదసమయమున ఏమగునను ప్రశ్న చిట్టచివర వచ్చును. తఱచుగా అసలే రాదు.

ఈ వరుస కొనువారి తప్పు మాత్రమే కాదు. అమ్మువారు నేర్పిన వరుస అది. ఒకే కారును ఐదాఱు తరగతులుగా విభజించి, క్రింది తరగతిలో ఒకటి తగ్గించి, పై తరగతిలో ఒకటి చేర్చి అమ్ముట మోటారు వర్తకపు ఆనవాయితీ. తోలుసీట్లు, చల్లని గాలి విసరు సీట్లు, పాటలపెట్టెలు ఇట్లు తరగతుల వారీగా అమ్మిన మాకు అభ్యంతరము లేదు. సుఖము వెలబెట్టి కొనదగిన సరుకే. కాని ప్రాణరక్షణము సైతము ఆ జాబితాలోనే కూర్చుండుట యెట్లు న్యాయము? ఐరోపాకు ఎగుమతియగు కార్లలో ఎయిర్‌బ్యాగులు సహజముగా నుండెడి కాలమున మన విపణిలోని చౌక తరగతులకు అవి దక్కలేదు. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ మన దేశమున ఎక్కువగా అమ్ముడగుచున్న చిన్నకార్లను గోడకు గుద్దించి పరీక్షింపగా, వానిలో ఎయిర్‌బ్యాగులు లేని బండ్లకు పెద్దవారి రక్షణ విషయమున ఒక్క నక్షత్రమైనను రాలేదు. మన ప్రాణము వారి ప్రాణముకన్న చౌకయని ఎవరు నిర్ణయించిరి?

అటుపిమ్మట కొంత కదలిక వచ్చినదని ఒప్పుకొనవలయును. 2019 ఏప్రిల్ నుండి చక్రములు బిగిసిపోకుండ కాపాడు ఏబీఎస్ బ్రేకులు, ఆ యేడు జూలై నుండి డ్రైవరునకు ఎయిర్‌బ్యాగు, 2022 జనవరి నుండి ప్రక్కసీటువానికి సైతము ఎయిర్‌బ్యాగు అన్ని క్రొత్తకార్లలో విధిగా నుండవలెనని ప్రభుత్వము శాసించినది. ఆఱు ఎయిర్‌బ్యాగులను సైతము విధిగా చేయుదుమని 2022 జనవరిలో ముసాయిదా ప్రకటించి, ఆ యేటి అక్టోబరు గడువును మఱుసటి అక్టోబరునకు జరిపి, తుదకు 2023 సెప్టెంబరులో అట్టి నిర్బంధము అక్కఱలేదని మంత్రిగారే సెలవిచ్చిరి. పోటీయే కంపెనీలను దారికి తెచ్చునని ఆయన వాదము. అందు కొంత నిజము లేకపోలేదు: అప్పటినుండి అనేక కంపెనీలు అడుగు తరగతి బండికి సైతము ఆఱు ఎయిర్‌బ్యాగులనిచ్చుచున్నవి. అయినను, పోటీ దయతలచిన చోట దొరకునది హక్కనిపించుకొనదు. ఏ మోడలుపై పోటీ లేదో ఆ మోడలు కొన్న పేదవాని మాట యేమి?

2023 అక్టోబరు నుండి మన దేశమునకే భారత్ ఎన్‌క్యాప్ అను పరీక్ష యేర్పడినది. గంటకు 64 కిలోమీటర్ల వేగమున ముందుభాగము గుద్దించి, 50 కిలోమీటర్ల వేగమున ప్రక్కనుండి గుద్దించి, ఫలితమును నక్షత్రములతో ప్రకటించుచున్నారు. పెద్దవారికి వేఱు, పిల్లలకు వేఱు మార్కులు. మంచి యేర్పాటే. కాని కంపెనీ తనంత తాను ముందుకు వచ్చినగాని పరీక్ష లేదు. పరీక్షకు పోని బండికి నక్షత్రములు లేవనుమాట ఎవ్వరును గోడకెక్కించి చెప్పరు. కనుక కొనువారు మొదట అడుగదగినది: ఈ బండి పరీక్షకు పోయినదా? పోయినచో ఏ తరగతి బండి పోయినది?

పన్ను సంగతి యింకను విచిత్రము. 2025 సెప్టెంబరు 22 నుండి అమలునకు వచ్చిన జీఎస్టీ మార్పుల ప్రకారము నాలుగు మీటర్ల పొడవు మించక, పెట్రోలైనచో 1200 సీసీ, డీజిలైనచో 1500 సీసీ లోపల ఇంజనుగల కారునకు 18 శాతము. అది దాటినదానికి 40 శాతము. విద్యుత్కారునకు 5 శాతము. పొడవును కొలిచెదరు, ఇంజనును కొలిచెదరు. ఐదు నక్షత్రముల బండియా, ఒక నక్షత్రపు బండియా యని చూచువారు లేరు. బాగుగా రక్షించు బండిపై రెండు శాతము తగ్గించిన ఖజానా కూలిపోవునా? ఈ మాట మన పార్లమెంటు సభ్యులడుగవలసినది.

ఇక కొనువారి మాట. ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నను సీటుబెల్టు లేనివానికి అవి యుపకరింపవు సరికదా, అపకారమునైన చేయగలవు. ఎయిర్‌బ్యాగు రెప్పపాటుకన్న తక్కువకాలమున విచ్చుకొనును. బెల్టు మనిషిని సీటుకు బిగించి పట్టియుంచునను లెక్కపైననే దానిని నిర్మించినారు. 1959లో స్వీడన్ దేశపు ఇంజనీరు నీల్స్ బోలిన్ కనిపెట్టిన మూడు బిందువుల బెల్టును ఆయన పనిచేసిన వోల్వో కంపెనీ హక్కులు దాచుకొనక ప్రపంచమునకు విడిచిపెట్టినది. ఉచితముగా వచ్చిన ఆ వరమును మనము వీపువెనుకకు తోసి కూర్చుండుచున్నాము. కేంద్ర రోడ్డురవాణా శాఖవారి లెక్కల ప్రకారము 2022లో దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. వారిలో సీటుబెల్టు ధరింపనివారు 16,715 మంది. అందు సగమునకు దగ్గఱగా, 8,331 మంది, డ్రైవర్లు కాక ప్రయాణికులు.

మన తెలుగునాట ఈ దుఃఖము ఎఱుగని దికాదు. 2014 ఏప్రిల్‌లో ఆళ్లగడ్డ వద్ద రోడ్డుపైనున్న ధాన్యపురాశులను తప్పింపబోయి బండి బోల్తాపడి శోభా నాగిరెడ్డిగారు మరణించిరి. 2018 ఆగస్టు 29న నల్లగొండ సమీపమున తానే కారు నడుపుచు నందమూరి హరికృష్ణగారు మరణించిరి. ఇరువురును బండిలోనుండి విసరివేయబడిరి. ఇరువురును బెల్టు ధరింపలేదనియే నాటి వార్తలు. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ వద్ద సైరస్ మిస్త్రీగారు మరణించినది ఎంతో వెలగల కారు వెనుకసీటున. వెనుకసీటువారికి బెల్టు అక్కఱలేదను భ్రమ ఆనాటికైన తొలగవలసినది. చట్టము సైతము వారిని విడిచిపెట్టలేదు; బెల్టు లేనిచో వేయిరూపాయల జరిమానా కలదు. కాని మన ఊళ్లలో పోలీసును చూచినపుడు ముందరివారు బెల్టును భుజముపై కప్పుకొనుటయే కాని, వెనుకవారిని అడుగువారెవరు? బెల్టు పెట్టుకొమ్మని మ్రోగు గంటను మోసపుచ్చుటకు ఉత్తి కొక్కెములు సైతము అమ్ముడుపోయినవి! 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వానిని ఇంటర్నెట్ అంగళ్లనుండి తొలగింపజేయవలసివచ్చినది. తన ప్రాణమును కాపాడు గంటను నోరుమూయించుటకు డబ్బిచ్చి కొక్కెము కొను జాతి మఱియొకటి కలదా?

ముందరిసీటున పసిబిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొను అలవాటును గూర్చి యెంత చెప్పినను తక్కువే. అది ప్రేమయని తల్లిదండ్రులనుకొందురు. గుద్దుకొన్న క్షణమున తల్లి శరీరపు బరువు బిడ్డపైబడును; ఎదుటినుండి ఎయిర్‌బ్యాగు విచ్చుకొని బిడ్డ తలనే తాకును. బిడ్డల స్థానము వెనుకసీటు. వయస్సునకు తగిన పిల్లలసీటును ఐసోఫిక్స్ కొక్కెములకు తగిలించి కూర్చుండబెట్టవలయును. ఇక సన్‌రూఫులోనుండి పిల్లలు నడుము వరకు పైకి లేచి గాలి పీల్చుచు పోవుట మేడారము జాతర దారిలో ఎవరికిని క్రొత్త దృశ్యము కాదు. ఒక్కసారి గట్టిగా బ్రేకు వేసిన ఏమగునో ఆ తండ్రి తలపోయడు.

ఇప్పటి కార్లలో ఏడాస్ అను పేర కెమెరాయు రాడారును గూర్చి చెప్పి, బండి తానై బ్రేకు వేయును, తానై గీతలోపల నిలుచునని అమ్ముచున్నారు. ఎదుటి బండిని గుర్తించి బ్రేకు వేయుట మేలైన యేర్పాటే. అలసిన డ్రైవరును అది కాపాడగలదు. కాని గీతలు చెరిగిపోయిన దారిలో గీతలోపల నిలుపు యంత్రమేమి చేయును? ఆ కెమెరాలకు ముఖ్యముగా నేర్పినది కార్లను, మనుష్యులను, సైకిళ్లను. తాడ్వాయి అడవిలో రాత్రి దారికడ్డము వచ్చు జింకను అది చూచునని నమ్మి కాలు చాపుకొని కూర్చుండరాదు. ఈ దారికి మాకు తోచిన ముఖ్యయంత్రము వేఱొకటి: ఈ.ఎస్.సి. వడ్లకుప్పను తప్పింపబోయి ఒక్కసారిగా చక్రము త్రిప్పినపుడు బండి జారిపోవుచుండగా ఒక్కొక్క చక్రమునకు వేఱువేఱుగా బ్రేకువేసి దానిని దారికి తెచ్చునది అదియే. తెరపై కానరాదు కనుక దానినెవ్వరును అడుగరు. ఏడాస్ కొఱకు లక్షలు పోయనక్కఱలేదు, ఈ.ఎస్.సి. లేని బండిని మాత్రము ఉచితముగా ఇచ్చినను మేము తీసికొనము.

సుఖమును గూర్చి రెండు మాటలు చాలును. మోకాళ్లనొప్పులుగల పెద్దలు వంగక, ఎగబ్రాకక కూర్చుండగల ఎత్తు, వెనుకసీటువారికి చల్లగాలి, గుంతలలో నడుము విఱుగని స్ప్రింగులు. ఇవి చూడవలసినది షోరూములో కాదు. ఇంటి పెద్దను వెంట తీసికొనిపోయి, ఐదుగురు కూర్చుండి, చెడ్డదారిలో నడిపి చూడవలయును. అలసట లేని డ్రైవరు పొరపాటు తక్కువ చేయును గనుక సుఖము సైతము కొంతవఱకు రక్షణయే.

ఇంజను విషయమున మాత్రము అన్నిటికి ఒకే జవాబు లేదు. తిరుగుడును బట్టి యుండును. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 వచ్చిన పిమ్మట డీజిలు కార్లకు పొగమసిని పట్టియుంచు జల్లెడ యమర్చినారు. వేడెక్కి దూరము నడచినగాని ఆ మసి కాలిపోదు. కనుక వారమునకు రెండుమార్లు వరంగల్లు పోయివచ్చువానికి, నిండుబరువుతో దూరము తిరుగువానికి డీజిలు తగును. ఏటూరునాగారము బజారునుండి ఇంటికి, ఇంటినుండి బడికి తిరుగువానికి అది జల్లెడ మూసుకొని తలనొప్పి తెచ్చును. అతనికి సాధారణ పెట్రోలు చాలును. టర్బో పెట్రోలు లారీని దాటునపుడు చుఱుకుగా లాగును గాని, తొక్కినకొలది త్రాగును. ఇప్పటి పెట్రోలులో 20 శాతము ఎథనాలు కలదు. దానియందు పెట్రోలులోనున్నంత శక్తి లేనందున మైలేజి కొంత తగ్గుట సహజము. పాతబండి కొనువారు అది ఆ యిరువది శాతమునకు తట్టుకొనునట్లు చేసినదా యని పుస్తకమున చూచుకొనవలయును. హైబ్రిడ్డు బండి ఆగి ఆగి పోవు హైదరాబాదు వీథులలో చూపు పొదుపును ఈ తెఱపి దారిలో అంతగా చూపదు. విద్యుత్కారులకు మన రాష్ట్రమున 2026 డిసెంబరు 31 వఱకు రోడ్డు పన్ను మినహాయింపు కలదు; ఇంటివద్ద ఛార్జింగు వీలున్నవానికి ఖర్చు చాల తక్కువ. అయితే వరంగల్లు పోయిరాను రెండువందల కిలోమీటర్లు గదా! కంపెనీ చెప్పు దూరమును నమ్మక, దారిలో ఛార్జింగు స్థలములను తానే పోయి లెక్కించుకొని కొనవలయును.

వాననుగూర్చి తలపకుండ ఈ ప్రాంతమున ఇంజను మాట ముగియదు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కదినమున 649.8 మిల్లీమీటర్ల వాన కురిసినది. ఏటూరునాగారము మండలపు కొండాయి గ్రామము జంపన్నవాగు వరదపాలై పలువురు ప్రాణములు కోల్పోయిరి. పెట్రోలుగాని డీజిలుగాని ఇంజను గాలితో పాటు నీటిని పీల్చినచో లోపలి కడ్డీలు వంగిపోవును. ఆగిన బండిని నీటిలో మఱల స్టార్టు చేయుట దానిని చంపుటయే. విద్యుత్కారునకు ఆ భయము తక్కువయని ప్రవాహమున దిగువారు గలరు. రెండడుగుల ప్రవాహము ఏ ఇంజను కారునైనను కొట్టుకొనిపోగలదు. వాగు పొంగిననాడు ఉత్తమమైన ఇంజను ఆపివేసిన ఇంజనే.

క్రొత్తబండికి కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చిన మఱునాడే మనవారు చేయు పనులు మూడు. ముందు ఇనుపకమ్మీ బిగింతురు. 2017 డిసెంబరులోనే కేంద్రము వలదన్న ఆ కమ్మీ, గుద్దుకొన్నపుడు నలిగి దెబ్బను మ్రింగవలసిన ముందుభాగమును నలుగనీయదు. సీట్లకు దళసరి కవర్లు కుట్టింతురు. సీటుప్రక్కనుండి విచ్చుకొనవలసిన ఎయిర్‌బ్యాగు ఆ కుట్లలో చిక్కుకొనును. వెనుకసీటు బెల్టుల తాళములు ఆ కవరు క్రిందనే పూడిపోవును. ఈ వారమైనను మా పాఠకులు తమ బండి వెనుకతలుపు తెఱచి, కవరు క్రింద చేయి పెట్టి, ఆ మూడు తాళములను పైకి తీయుదురుగాక.