ఎందుకు? ఎలా? – నీటి అడుగు నిజంగా ఎంత లోతు?

ప్రశ్న: సోమశిల దగ్గర పెన్న నీళ్ళు తేరుకున్నప్పుడు అడుగున గులకరాళ్ళు కూడా కనబడతాయి. మోకాటి లోతే అనుకుని దిగితే నీళ్ళు తొడల దాకా వస్తాయి. ఎందుచేత?

జవాబు: ఏ వస్తువు కనబడాలన్నా దాని నుంచి వెలుతురు మన కంటికి చేరాలి. వెలుతురు గాలిలో సెకండుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. నీటిలో ఆ వేగం 2 లక్షల 25 వేలకు తగ్గుతుంది. అందువల్ల నీటిలోంచి ఏటవాలుగా గాలిలోకి వచ్చే కిరణం వంగుతుంది. దీన్నే వక్రీభవనం అంటారు. ఈ వంపు సంగతి కంటికి తెలియదు. కిరణం తిన్నగా వచ్చిందనుకుంటుంది. కాబట్టి అడుగునున్న రాయి, ఉన్న చోటుకన్న పైన ఉన్నట్టు తోస్తుంది.

సరిగ్గా పైనుంచి చూస్తే 4 అడుగుల లోతు 3 అడుగులుగా కనబడుతుంది. గట్టున నిలబడి ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువగా కనబడుతుంది.

ఇంట్లో చేసి చూడండి. ఒక గిన్నె అడుగున రూపాయి బిళ్ళ వేయండి. గిన్నె అంచు అడ్డమై బిళ్ళ కనపడకుండా పోయేదాకా వెనక్కు జరిగి, అక్కడే కదలకుండా ఉండండి. ఇప్పుడు తమ్ముణ్ణో చెల్లెల్నో గిన్నెలో మెల్లగా నీళ్ళు పొయ్యమనండి. దాగిన బిళ్ళ మళ్ళీ కనబడుతుంది!

ప్రశ్న: అలాగయితే ఈటెతో చేపను కొట్టేవారికి గురి ఎలా కుదురుతుంది?

జవాబు: చేప కనబడే చోటికి కాక, దానికన్న కిందికి గురి పెడతారు. అనుభవమే వారికి ఈ పాఠం నేర్పింది.

ప్రశ్న: మరి లోతు తెలిసేదెలా?

జవాబు: పొడుగాటి కర్రతో. నీటిలో ముంచినప్పుడు కర్ర కూడా విరిగినట్టే కనబడుతుంది. కాని బయటికి తీశాక దాని తడి గుర్తు అబద్ధం చెప్పదు.

పిల్లలూ, ఇది వినోదానికి చెప్పిన సంగతి మాత్రమే కాదు. ఏటిలో ఇసుక తీసిన గుంటలుంటాయి. 6 అడుగుల గుంట గట్టు మీదికి నాలుగున్నర అడుగులకన్న తక్కువగా కనబడుతుంది. తల పైకి ఉంటుందనుకుని దిగిన పిల్లవాడు నిలువునా మునిగిపోతాడు. పెద్దలు వెంట లేనిదే ఏటిలోగాని, కాలువలోగాని, జలాశయంలోగాని దిగకండి. ఎవరైనా మునుగుతుంటే మీరు దూకకండి. కేకలు వేసి పెద్దలను పిలవండి. గట్టు మీదినుంచే తాడో, కర్రో, పంచో అందించండి.