నిప్పు ఎవరు పెట్టారని అడిగే ముందు

ఫిబ్రవరి వచ్చిందంటే నల్లమలలో ఆకు రాలిపోతుంది. అప్పటినుంచి తొలకరి వరకు అక్కడ కార్చిచ్చు భయమే. మన సంఘాల్లో శ్రమకాలపు కూడికలు జరిగేదీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. టీవీలో అడవి మంటలు చూడగానే "ఎవరు పెట్టారు?" అంటాం. జవాబూ మనమే చెప్పేస్తాం: ఇప్పపువ్వు ఏరేవాళ్లు, పశువుల కాపరులు, చెంచులు.

ఇది తొందరపాటు తీర్పు అని మా అభిప్రాయం. మన దేశంలో అడవి మంటలకు ఎక్కువగా మనుషులే కారణమన్నది నిజం. రాలిన ఇప్పపువ్వు కనబడాలని ఎండుటాకులు కాల్చేవారూ ఉన్నారు. అయితే హైదరాబాద్–శ్రీశైలం రహదారి ఈ అడవి మధ్యగానే పోతుంది. కారులోంచి విసిరిన సిగరెట్ ముక్క, విహారయాత్రలో ఆర్పకుండా వదిలిన పొయ్యి చెంచులవి కావు.

మరో అపోహ ఉంది. అడవిలో పొగ కనబడితే చాలు, అధికారులు నిద్రపోతున్నారంటాం. వేసవికి ముందే అటవీ సిబ్బంది గడ్డి, ఆకు తొలగించి, దగ్గరుండి కాల్చి, ఖాళీ పట్టీలు తయారుచేస్తారు. వీటినే ఫైర్ లైన్లు అంటారు. పెద్ద మంట వచ్చినా అక్కడ అంటుకోవడానికి ఏమీ ఉండదు.

ప్రతి మంటనూ శత్రువుగా చూస్తే ఏమవుతుందో అమెరికా అనుభవం చెబుతుంది. 1910లో ఐడహో, మోంటానాల్లో సుమారు 30 లక్షల ఎకరాలు కాలిపోయాయి. ఆ భయంతోనే, ఏ మంటనైనా మర్నాడు ఉదయం 10 గంటలకల్లా ఆర్పాలని 1935లో నియమం పెట్టారు. చిన్న మంటలు ఆగాయి, కాని ఎండుకట్టె, పొదలు ఏళ్ల తరబడి పేరుకుపోయి, పెద్ద మంటలకు మేతయ్యాయి. చివరకు 1970లలో ఆ విధానం మార్చుకున్నారు.

అలాగని నల్లమలను ఏటా కాలనివ్వమని కాదు. మళ్లీ మళ్లీ కాలితే లేత మొక్కలు బతకవు. నిపుణులు అదుపులో పెట్టే మంట వేరు, అజాగ్రత్త మంట వేరు. ఈ తేడా ప్రజలకు తెలియాలి.

2004 నుంచి ఉపగ్రహాలు మంటల జాడ తెలుపుతున్నాయి. అయినా ఆర్పడానికి పచ్చికొమ్మలు, బ్లోయర్లు పట్టుకొని నడిచి వెళ్లేది కాపలాదారులే. వారిలో చెంచులూ ఉన్నారు. మనం నిందించేవారే మన అడవిని కాపాడుతున్నారు!

యాకోబు తన పత్రికలో నాలుకను అడవిని తగలబెట్టే నిప్పుతో పోల్చాడు. కాబట్టి ప్రియులారా, ముందు నింద మానుదాం. ఫైర్ లైన్లు సకాలంలో వేశారా, కాపలాదారులకు కూలి అందిందా అని మన ప్రజాప్రతినిధులను అడుగుదాం. ఈ వేసవిలో అడవికి వెళ్లే మన యువజనులు పొయ్యి వెలిగించకుండా అన్నం ఇంటినుంచే కట్టుకెళ్లాలని కాపరులు ఈ ఆదివారమే చెప్పవలసిందిగా మనవి.