నవ్వూ మీదే, పన్నూ మీదే!

ఇంటర్వెల్లో చల్లటి డ్రింకు నోట్లో పోసుకోగానే పన్ను జివ్వుమందా? కామెడీ సీనని వదిలెయ్యకండి. సెకండాఫ్‌లో అదే విలనవుతుంది!

పంట్లో పురుగుందని తీసి చూపించడం వట్టి ట్రిక్ షాటు. పళ్ళసందుల్లో నిలిచిన తీపిని సూక్ష్మజీవులు తిని ఆమ్లం తయారుచేస్తాయి. అది పంటి పైపొరను కరిగిస్తుంది. ఆ రంధ్రం నరందాకా పోయిందా, ఇక రాత్రి నిద్ర వుండదు. చిగుళ్ళ జబ్బు, చోటు చాలక అడ్డంగా మొలిచే జ్ఞానదంతం, పళ్ళతో సీసామూతలు తీసే హీరోయిజం – ఇవీ నొప్పికి కారణాలే.

కనిగిరి, పొదిలి, దర్శి వైపు కుర్రకారు సంగతి వేరు. అక్కడ చాలాచోట్ల బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. మన దేశంలో ఫ్లోరోసిస్ సంగతి తొలిసారి వెల్లడైంది ఆ సీమనుంచే, 1937లో. అప్పుడది నెల్లూరు జిల్లా. చిన్నతనంలో పన్ను తయారయ్యేటప్పుడే ఆ గోధుమరంగు మచ్చ పడుతుంది. అది మీ అశుభ్రత కాదు. ఇటుకపొడితో తోమితే మచ్చ పోదు సరిగదా, పన్నరిగి కొత్త నొప్పి వస్తుంది. కాబట్టి ఫొటోలో నోరు మూసుకోకండి! తమ్ముడికీ చెల్లాయికీ మాత్రం ఫ్లోరైడ్ తక్కువున్న నీళ్ళే పట్టండి. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కాచినంతమాత్రాన అది పోదు.

లవంగం ఆ పూటకి నొప్పి మరిపిస్తుందంతే. దవడ వాచి జ్వరమొస్తే ఆ రోజే డాక్టరుగారి దగ్గరకెళ్ళండి. మిరపకోతలయ్యాక చూద్దాంలే అన్నారో, పూడ్చాల్సిన పన్ను కాస్తా పీకాల్సిన పన్నవుతుంది!