ఫార్మాట్ కొట్టే ముందు ఒక చీటీ రాయండి

"సీ డ్రైవ్‌లో ఏమైనా ఉందా అండీ?"

"ఏం లేదు బాబూ. నా ఫైళ్లన్నీ డెస్క్‌టాప్ మీదే పెట్టుకున్నా."

కంప్యూటర్ రిపేరు షాపుల్లో ఈ రెండు మాటలూ రోజూ వినబడేవే. అడిగిన కుర్రాడు అడగాల్సిందే అడిగాడు. చెప్పిన పెద్దాయన తనకు తెలిసిన నిజమే చెప్పాడు. అయితే విండోస్‌లో డెస్క్‌టాప్ అంటే సీ డ్రైవ్‌లో ఉండే ఒక ఫోల్డరు. డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ కూడా అక్కడే ఉంటాయి. షాపు లెక్కలు రాసుకునే ట్యాలీ డేటా కూడా, పనిగట్టుకుని మార్చకపోతే, తరచూ అదే డ్రైవ్‌లో పడి ఉంటుంది. కుర్రాడు పెన్‌డ్రైవ్ గుచ్చి, ఫార్మాట్ కొట్టి, కొత్త విండోస్ ఎక్కించేస్తాడు. ఇంటికెళ్లి సిస్టమ్ ఆన్ చేశాక గానీ పెద్దాయనకు తెలియదు, కూతురి పెళ్లి ఫోటోలు ఇక లేవని.

ఇద్దరిలో ఎవరూ అజాగ్రత్తపరులు కారు. ఇద్దరి మధ్యా ఒక కాగితం లేకపోవడమే లోపం. ఈ కరపత్రం కోరేది ఆ కాగితాన్నే: యజమాని సంతకం పెట్టిన చీటీ లేకుండా ఏ షాపులోనూ, ఏ ఆఫీసులోనూ, ఏ కాలేజీ ల్యాబులోనూ ఏ డిస్కునూ ఫార్మాట్ చెయ్యకూడదు.

పొరపాటు జరిగేది ఎక్కువగా ఒక తెర దగ్గర. విండోస్ ఎక్కించేటప్పుడు డిస్కుల జాబితా ఒకటి వస్తుంది. రోజూ చూసే సీ, డీ అక్షరాలు అందులో ఉండవు. 'డ్రైవ్ 0 పార్టిషన్ 1', 'డ్రైవ్ 0 పార్టిషన్ 2', 'డ్రైవ్ 0 పార్టిషన్ 3' లాంటి వరుసలు, పక్కన సైజులు ఉంటాయి. సీ, డీ దాదాపు ఒకే సైజులో ఉంటే చెయ్యి తిరిగిన మెకానిక్ కూడా తడబడతాడు. పార్టిషన్‌కు ముందే ఒక పేరు పెట్టి ఉంటే ఆ పేరు ఈ వరుసలో కనబడుతుంది. డీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ఇంటిపేరో షాపు పేరో పెట్టుకోవడానికి అర నిమిషం చాలు. ఈ కరపత్రం చదివినవాళ్లు ఇవాళే ఆ పని చేసుకోవాలి.

ఫార్మాట్ అయినంత మాత్రాన అంతా పోయినట్టు కాదు. క్విక్ ఫార్మాట్ ఫైళ్ల జోలికి పోదు, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికను మాత్రం కొత్తగా రాస్తుంది. అడంగల్ చిరిగిపోతే పొలం ఎక్కడికీ పోదు. ఆ పొలంలో ఇంకొకరు ఇల్లు కట్టేస్తే మాత్రం పంట సంగతి మరిచిపోవాల్సిందే. కొత్త విండోస్ కట్టే ఇల్లు చిన్నదేమీ కాదు, ఇరవై జీబీ వరకూ, కొన్నిసార్లు అంతకు మించీ ఆక్రమిస్తుంది. దాని కింద పడిన ఫైళ్లను ఏ సాఫ్ట్‌వేరూ తియ్యలేదు. మిగతా జాగాలో ఉన్నవి మాత్రం, ఆ డిస్కు మీద మళ్లీ ఏమీ రాయనంతకాలం, అక్కడే ఉంటాయి. ఫుల్ ఫార్మాట్ చేసి ఉంటే ఆ ఆశ కూడా లేదు. విండోస్ విస్టా నుంచీ ఫుల్ ఫార్మాట్ డిస్కంతా సున్నాలు నింపేస్తోంది.

ఇదంతా తిరిగే హార్డ్ డిస్కు మాట. ఎస్ఎస్‌డీ అయితే పరిస్థితి మరీ కష్టం. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచీ 'ట్రిమ్' అనే ఏర్పాటు ఉంది. ఫార్మాట్ కొట్టగానే "ఈ జాగా అంతా ఖాళీ" అని విండోస్ డిస్కుకు చెబుతుంది, డిస్కు తన వీలునుబట్టి లోపల శుభ్రం చేసేసుకుంటుంది. నెమ్మదించిన పాత సిస్టమ్‌లకు వేగం కోసం అందరూ ఎస్ఎస్‌డీ వేయిస్తున్న ఈ రోజుల్లో, తప్పు జరిగాక దిద్దుకునే వీలు ఏటేటా తగ్గిపోతోంది.

తప్పు తెలిసిన వెంటనే సిస్టమ్ ఆపెయ్యాలి. చాలామంది సరిగ్గా దీనికి తలకిందుల పని చేస్తారు. నెట్ పెట్టి, రికవరీ సాఫ్ట్‌వేర్ వెతికి, దాన్ని తెచ్చి అదే సీ డ్రైవ్‌లో ఎక్కిస్తారు. ఈలోగా విండోస్ అప్‌డేట్లు దిగుతూనే ఉంటాయి. ఒక్కొక్కటీ పాత ఫోటోల మీద ఇంకో గోడ.

ఫార్మాట్ కొట్టకుండా పాతదాని మీదే విండోస్ ఎక్కించానని మెకానిక్ చెబితే మాత్రం ఊపిరి పీల్చుకోవచ్చు. సీ డ్రైవ్‌లో 'విండోస్ డాట్ ఓల్డ్' అనే ఫోల్డరులో, లోపలి 'యూజర్స్' కింద పాత డెస్క్‌టాప్ భద్రంగా ఉంటుంది. సాధారణంగా పది రోజులు దాటితే విండోస్ దాన్ని తనంతట తానే తీసేస్తుంది కాబట్టి, వేరే డిస్కులోకి కాపీ చేసుకోవడం వాయిదా వెయ్యకూడదు.

ఫార్మాట్ కొట్టేసి ఉంటే డిస్కు ఊడదీసి, ఇంకో సిస్టమ్‌కు తగిలించి, ముందు మొత్తం డిస్కుకు అచ్చంగా ఒక నకలు తీయించాలి. గ్నూ డీడీరెస్క్యూ ఆ పని చేస్తుంది. వెతుకులాటంతా ఆ నకలు మీదే జరగాలి. పార్టిషన్లు మాత్రమే చెరిగి ఉంటే 'టెస్ట్‌డిస్క్' పాత హద్దులు పట్టుకుంటుంది. అదృష్టం బాగుంటే ఫోల్డర్లు పేర్లతో సహా తిరిగొస్తాయి. పట్టిక కూడా పోయి ఉంటే 'ఫోటోరెక్' ఉంది. అది పేర్లు చూడదు, ఫైలు మొదట్లో ఉండే గుర్తును బట్టి పట్టుకుంటుంది. జేపెగ్ ఫోటో ప్రతిదీ 'ఎఫ్ఎఫ్ డీ8 ఎఫ్ఎఫ్' అనే మూడు బైట్లతోనే మొదలవుతుంది. ఈ రెండూ క్రిస్టోఫ్ గ్రెనియే రాసి ఉచితంగా ఇస్తున్న ప్రోగ్రాములు. ఫోటోరెక్ తీసిన ఫైళ్లకు పేరుకు బదులు 'ఎఫ్' అక్షరం, దాని వెనక పొడవాటి అంకె ఉంటాయి. పెళ్లి ఫోటోలూ, నెట్‌లో చూసిన ప్రకటనల బొమ్మలూ ఒకే కుప్పగా వచ్చిపడతాయి. వాటిని ఏరుకోవడానికి రోజులు పడతాయి.

డీటీపీ చేసేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. అనూ ఫాంట్లతో కట్టిన పేజ్‌మేకర్ ఫైలు చెక్కుచెదరకుండా దొరికినా, ఆ ఫాంట్లు మళ్లీ ఎక్కించేదాకా తెర మీద తెలుగుకు బదులు ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి కనబడుతుంది. ఫైలు పాడైందనుకుని దాన్ని తీసెయ్యకూడదు. కొత్త ల్యాప్‌టాప్ వాడేవాళ్లు బిట్‌లాకర్ గురించి కూడా తెలుసుకోవాలి. డిస్కుకు దాని తాళం పడి ఉంటే 48 అంకెల రికవరీ కీ లేకుండా డీ డ్రైవ్ కూడా తెరుచుకోదు. మనకు తెలియకుండానే తాళం పడి ఉండే సిస్టమ్‌లు ఇప్పుడు చాలానే వస్తున్నాయి.

కొమ్ములు తిరిగిన సంస్థలకూ ఈ గండం తప్పలేదు. 1998లో పిక్సార్ స్టూడియోలో 'టాయ్ స్టోరీ 2' తయారవుతుండగా పొరపాటున కొట్టిన ఒక్క కమాండ్‌తో సినిమా ఫైళ్లు చెరిగిపోసాగాయి. బ్యాకప్ ఉందనుకున్నారు. తీసి చూస్తే అది పనికిరాలేదు. ప్రసవం తర్వాత ఇంటి నుంచి పనిచేస్తున్న గేలిన్ సుస్మన్ అనే సాంకేతిక పర్యవేక్షకురాలి కంప్యూటర్‌లో ఒక నకలు ఉంది. ఆ కంప్యూటర్‌కు దుప్పట్లు చుట్టి, కారు వెనక సీటులో బెల్టు కట్టి ఆఫీసుకు తెచ్చుకున్నారు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ ఇంజినీరు ఒకరు రెండు సర్వర్లలో ఒకటి అనుకుని ఇంకొకదాని మీద చెరిపే కమాండ్ కొట్టారు. సుమారు 300 జీబీ పోయింది. ఉన్నాయనుకున్న బ్యాకప్ పద్ధతులేవీ అక్కరకు రాలేదు. ఆరు గంటల కిందట ఒక ఇంజినీరు చేత్తో తీసిపెట్టిన నకలే దిక్కయింది. తప్పు సర్వర్ మీద కమాండ్ కొట్టిన ఇంజినీరు తడబడ్డదీ, మండల కేంద్రంలో మెకానిక్ తడబడేదీ ఒకే రకం తెర ముందు.

ఈ మాట ఇప్పుడే చెప్పడానికి కారణం ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. ఇళ్లలో, బడుల్లో, డాక్యుమెంట్ రైటర్ల బల్లల మీద ఉన్న పాత సిస్టమ్‌లు కొత్త విండోస్ కోసం వరుసగా షాపులకు చేరుతున్నాయి.

చీటీ రాయడానికి తీరిక ఎక్కడిదని షాపువాళ్లు అడుగుతారు. రోజుకు ఎన్నో సిస్టమ్‌లు చూసేవాళ్లకు ఆ ఇబ్బంది నిజమే. చీటీతో పాటు ఫార్మాట్‌కు ముందు ఫైళ్లకు నకలు కూడా తియ్యాలి. అయితే నకలు తీసే గంటో రెండు గంటలో కష్టపడేది యంత్రమే, పక్కన మనిషి కూర్చోనక్కర్లేదు. పైగా చీటీ షాపువాడికీ రక్షణ. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవలో నిర్లక్ష్యం కూడా లోపమే. తగువు వచ్చిన రోజున "ముందే అడిగాను, సంతకం పెట్టారు" అని చూపించడానికి ఆ కాగితమే సాక్ష్యం. నకలు తీసేది మాత్రం కస్టమర్ తెచ్చుకున్న డిస్కులోకే. ఇంటి ఆడపిల్లల ఫోటోలు షాపు సిస్టమ్‌లో మిగిలిపోతాయేమోనన్న భయానికి తావివ్వకూడదు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ మొదలు మండల కేంద్రంలో జిరాక్స్ షాపు పక్క గది దాకా అందరూ ఒకే చీటీ వాడవచ్చు. డీలర్ల సంఘాలు దాన్ని అచ్చేయించాలి. హార్డ్‌వేర్ కోర్సు చెప్పేవాళ్లు మొదటి వారంలోనే నేర్పాలి. సగం కాగితం చాలు. "డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఇద్దరం కలిసి తెరిచి చూశాం." "ట్యాలీ, ఫాంట్లు, మెయిల్ ఎక్కడున్నాయో రాసుకున్నాం." "బిట్‌లాకర్ కీ ఉంది, లేదు." "ఫార్మాట్ చెయ్యాల్సిన పార్టిషన్ సైజు ఇంత." "నకలు కస్టమర్ డిస్కులో తెరిచి చూపించాం." కొత్త ఎస్ఎస్‌డీ వేస్తే చివర ఇంకో వరుస: "పాత డిస్కు చెరపకుండా, పేరూ తేదీ రాసి కస్టమర్ చేతికిచ్చాం." కింద తేదీ, రెండు సంతకాలు.