పది హెచ్‌పీ మోటారుకి పది హెచ్‌పీ డ్రైవు... అంతేనా?

మన సాఫ్టువేరు వాళ్ళకి ఓ జబ్బుంది. ఊళ్ళో ఎవరు ఏ మిషను కొంటున్నా "కొటేషన్లు నాకు పంపండి, చూసి చెప్తా" అంటాం. మూడేళ్ళ క్రితం మా బాబాయికి నేనూ అలాగే చెప్పాను. పండక్కి ఊరెళ్ళినప్పుడల్లా ఆ సంగతి ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

బాబాయికి తణుకు దగ్గర ఓ చిన్న రైసుమిల్లుంది. ధాన్యాన్ని బకెట్లతో పైకి తోడే ఎలివేటరు మోటారుకి వీఎఫ్‌డీ పెట్టిస్తే కరెంటు 40 శాతం మిగులుతుందని డీలరెవరో చెప్పాడట. రెండు కొటేషన్లు వచ్చాయి. మోటారు 10 హెచ్‌పీ, రెండు డ్రైవులూ 10 హెచ్‌పీ, ఒకటి బాగా చవక. నేను ఎక్సెల్ షీటు తెరిచి డిస్‌ప్లే ఎలా ఉంది, మోడ్‌బస్ ఉందా, వారంటీ ఎంత అని బుద్ధిగా పోల్చి "చవకదే తీసుకో బాబాయ్, రెండూ ఒకటే" అన్నాను.

ఖాళీగా తిప్పి చూసినప్పుడు బ్రహ్మాండంగా తిరిగింది. అసలు కథ సీజన్లో మొదలైంది. నడుస్తుండగా కరెంటు పోయింది, బకెట్ల నిండా ధాన్యం అలాగే ఉండిపోయింది. కరెంటు వచ్చాక బటన్ నొక్కితే కొంచెం మూలిగి ట్రిప్! మళ్ళీ నొక్కితే మళ్ళీ ట్రిప్. టార్క్ బూస్టు పెంచితే ఇంకా తొందరగా ట్రిప్. మనుషుల్ని పెట్టి ఎలివేటరు అడుగున ఉన్న ధాన్యమంతా తోడించాల్సొచ్చింది. "ఇన్నేళ్ళూ ఆ పాత స్టార్టరు నొక్కగానే తిరిగేది కదరా" అన్నాడు బాబాయి. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత కూర్చుని చదివితే తెలిసింది, తప్పు ఎక్కడుందో. పాత డీఓఎల్ స్టార్టరు మోటారుని తిన్నగా లైనుకి కలిపేస్తుంది. ఆ క్షణంలో మోటారు మామూలు కంటే ఆరు రెట్లు దాకా కరెంటు లాగి, రెట్టింపు టార్కు ఇస్తుంది. నిండు బకెట్లయినా కదిలేవి. డ్రైవు అలా ఇవ్వనివ్వదు, లోపలి ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి కాబట్టి తన హద్దు దాటగానే ఆగిపోతుంది. ఆ హద్దు కేటలాగులో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒకే పెట్టెకి రెండు రేటింగులు: ఫ్యాన్లూ పంపులకైతే 110 శాతం ఓవర్‌లోడు ఒక్క నిమిషం, బరువు పనులకైతే 150 శాతం ఒక్క నిమిషం. మేం కొన్న చవక డ్రైవు ఫ్యాన్లకి 10 హెచ్‌పీ, బరువు పనికి 7.5 హెచ్‌పీయే. యావరేజి ట్రాఫిక్ చూసి సర్వరు కొని, రిజల్టుల రోజున తల పట్టుకోవడం లాంటిదే ఇది. ఆ పాఠం ఆఫీసులో అందరికీ చెప్పేది నేనే మరి.

అందుకే నా అభిప్రాయం ఇది. వీఎఫ్‌డీ కొనేముందు హెచ్‌పీ అడగడం రెండో ప్రశ్న. మోటారు ఏం తిప్పుతోంది అన్నది మొదటిది. బ్లోయరుకి వేగం తగ్గిస్తే పవరు దాని ఘనంలో తగ్గుతుంది. 50 హెర్ట్జ్ నుంచి 40కి దించితే దాదాపు సగానికి వచ్చేస్తుంది. ఎలివేటరుకి ఆ లెక్క లేదు. టన్ను ధాన్యం పైకెత్తడానికి కావలసిన శక్తి నెమ్మదిగా ఎత్తినా అంతే. కాబట్టి ఆ 40 శాతం మాట మా ఎలివేటరు విషయంలో మొదట్నుంచీ ఉత్తదే! పైగా తక్కువ వేగంలో మోటారు సొంత ఫ్యానూ నెమ్మదిస్తుంది, బరువు మాత్రం తగ్గదు, వేడెక్కుతుంది.

హెచ్‌పీ కంటే మోటారు ప్లేటు మీది ఆంపియర్లు చూడటం మేలు. మాది 415 వోల్టుల మీద సుమారు 15 ఆంపియర్లు. చాలా డ్రైవుల రేటింగు 40 డిగ్రీల వరకే. మే నెలలో రేకుల షెడ్డు కింద ఎంతుంటుందో గోదావరి వాళ్ళకి వేరే చెప్పాలా? తవుడు దుమ్ములో సాదా ఐపీ20 పెట్టె పెడితే దాని ఫ్యానే ముందు పోతుంది.

హైదరాబాదు అపార్టుమెంట్లలో బోరు మోటారుకి పెట్టిద్దామనేవాళ్ళకి ఇంకో మాట. వందల అడుగుల లోతు నుంచి నీళ్ళెత్తాలి కాబట్టి ఘనం లెక్క అక్కడ సరిగ్గా పని చెయ్యదు. కొంచెం ఎక్కువ తగ్గిస్తే మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్ళు మాత్రం రావు. పొడుగు కేబులు చివర డ్రైవు పల్సులు వెనక్కి తన్ని, మోటారు దగ్గర వోల్టేజి స్పైకులు డీసీ బస్సుకి రెట్టింపు దాకా, అంటే 1,100 వోల్టుల పైకి పోవచ్చు. ఫిల్టరు ఖర్చు కూడా కొటేషన్లో ఉందో లేదో అడగండి.

మా డ్రైవు సంగతి... ఎలివేటరుకి పాత స్టార్టరే మళ్ళీ పెట్టేశాం. డ్రైవుని ఊక బ్లోయరుకి మార్చాం, అది కూడా 10 హెచ్‌పీయే. దాని గేటు ఏళ్ళ తరబడి సగం మూసే నడిపిస్తున్నారు. గేటు పూర్తిగా తీసి వేగం తగ్గించాం. మరీ తగ్గిస్తే గొట్టంలో ఊక పేరుకుపోతోందని 42 హెర్ట్జ్ దగ్గర ఆపాం. అక్కడ ఇంతవరకూ ఒక్కసారి కూడా ట్రిప్ కాలేదు. బిల్లెంత తగ్గిందని అడిగితే బాబాయి చెప్పడు. "ముందు ఆ గేటు సగం మూయించిందెవరో కనుక్కో" అంటాడు. మూయించింది మా నాన్నే.